చల్లగా ఉన్నంతసేపు

పంపు చప్పుడు మారింది. మారలేదేమో, మారినట్టు అనిపించిందేమో. ఇన్నేళ్ళు ఈ గదిలో కూర్చున్నాక చెవులు ఉన్నవీ లేనివీ వింటాయి. లేచి వెళ్ళి గొట్టం మీద చెయ్యి పెట్టి చూశాను, రోజూ ఉండే వణుకే, కంగారు పడాల్సిందేమీ లేదు. వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చుంటే కొత్త బట్టల మడత నడుం దగ్గర గుచ్చుకుంది. ఇక్కణ్ణుంచి నేరుగా రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాలని పొద్దున్నే వేసుకొచ్చాను. వాటి మీద ల్యాబు కోటు, కోటు జేబులో స్క్రూడ్రైవరు. పెళ్ళికి పిలిస్తే కరెంటు బాగుచెయ్యడానికి వచ్చినదానిలా ఉన్నాను. ఎదురుగా తెర మీద చుక్కలు పడుతున్నాయి. ఒక్కో చుక్క పడటానికి చాలాసేపు పడుతుంది, ఎందుకంటే చుక్క పెట్టేముందు బిందె ఇంకాస్త చల్లబడాలి, చల్లబడ్డాక కుదురుకోవాలి, కుదురుకున్నాక కొలవాలి. బిందె అని మేము ముద్దుగా పిలుచుకునేది మా శీతల యంత్రాన్ని, మనిషెత్తు ఉక్కు పాత్ర, లోపల ద్రవ హీలియం, దాని ఆవిరిని పంపు లాగేకొద్దీ అది చల్లబడుతుంది, తరిగిపోతుంది కూడా, అందులోకి దించిన కడ్డీ చివర గోరంత పలక. ఆ పలక లోపల ఒక పొర ఉంది. ఆ పొరలో ఎలక్ట్రాన్లు పైకి ఎగరలేవు, కిందికి దిగలేవు, అటూ ఇటూ మాత్రమే తిరుగుతాయి, మేడా నేలమాళిగా లేని ఒకే ఒక్క అంతస్తు ఇల్లు లాగా. ఆ ఇంట్లో పుట్టిన అలజడి ఎంతసేపు బతుకుతుందో తెలుసుకోవడానికి నాకు మిగిలింది ఈ మధ్యాహ్నమే. బిందెలో ఉన్న హీలియం ఈ రాత్రికి మించి రాదు, మళ్ళీ ఎప్పుడొస్తుందో పంపించేవాళ్ళకే తెలీదు. ఆఫీసు మూసేలోపు అన్నయ్య పెళ్ళి.

ఫోన్ మోగింది, అమ్మ. "ఇంకా బయల్దేరలేదు కదూ," అంది. అమ్మ ప్రశ్నలు ఎప్పుడూ జవాబుని చంకనేసుకునే వస్తాయి. ఇంకొక్క గంటమ్మా అన్నాను. "నీ బిందెలో ఏం ఉడుకుతోందే అంతసేపు?" ఉడకదమ్మా, చల్లారుతుంది. "చల్లారడానికి గంటెందుకు, మూత తీసి పక్కన పెడితే అదే చల్లారుతుంది," అని, నేను నవ్వేలోపే గొంతు తగ్గించి, "సాక్షి సంతకం నీదే, గుర్తుందా? ఒకటి మీ పెద్దమ్మది, ఒకటి పెళ్ళికూతురి తరఫువాళ్ళది, ఒకటి నీది. నువ్వు రాకపోతే దారినపోయేవాణ్ణి బతిమాలుకోవాలి. వాడు అసలే పొద్దుట్నుంచీ మాటా పలుకూ లేకుండా ఉన్నాడు, నువ్వుంటే కాస్త తేలిగ్గా ఉంటుంది," అంది. వస్తానమ్మా, వస్తాను. ఫోన్ పెట్టేశాక కూడా ఆ 'వస్తాను' గదిలోనే కాసేపు ఉన్నట్టుంది. వెళ్ళాలనే ఉంది నాకు. కాబోయే వదిన పళ్ళ డాక్టరు, మెత్తని మనిషి, నా దవడ పన్ను తీసేటప్పుడు నాకంటే ఎక్కువ ఆవిడే బాధపడింది, అన్నయ్య పక్కన కూర్చుంటే అన్నయ్య భుజాలు దిగుతాయి, అది నేను చూశాను. ఆవిడ మీద నాకేం కోపం? ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే ఒక్కోసారి కష్టంగా ఉంటుంది, ఎవరి మీదైనా కోపం ఉంటే మనసు దాని మీద కూర్చోవచ్చు. అన్నయ్య మొదటి పెళ్ళికి కూడా సాక్షి సంతకం నాదే. అప్పుడు నా పక్కన నిలబడి పెళ్ళికూతురు నా చేతిలోంచి పెన్ను లాక్కుని, "ముందు నువ్వు చదువుకో, తాబేలూ, తర్వాత సంతకం పెట్టు, ప్రయోగం చేసేవాళ్ళు ఏదీ గుడ్డిగా నమ్మకూడదు," అంది. రిజిస్ట్రారు కూడా నవ్వాడు.

చుక్క పడింది. పాత గీత మీదే పడింది. పాత గీత అంటే అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం, తెర మీద తెల్లగా, తిన్నగా, నాకేం తెలియదన్నట్టు ఎడమవైపుకి దిగిపోతోంది. దాని పక్కనే నీలం గీత, అది కొంతదూరం తెల్లదాంతోనే నడిచి, బాగా చల్లబడ్డచోట, ఇక నాకు నీతో పనిలేదన్నట్టు, పక్కకి వంగిపోతుంది. ఆ నీలం గీత మిరియానిది. మిరియం అని ఎవరు పేరు పెట్టారో గుర్తులేదు, మనిషి చిన్నది, మాట పంటికింద పడితే మటుకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి, సెమినారులో ఆఖరి వరసలో కూర్చుని చెయ్యెత్తితే ముందు నిలబడ్డవాళ్ళు మంచినీళ్ళ గ్లాసు వెతుక్కునేవాళ్ళు. నేను కొలిచే మనిషిని, తను లెక్క కట్టే మనిషి. నేను ఒక తీగ అతికించడానికి ఒక పూట తీసుకుంటానని నన్ను తాబేలుని చేసింది. ఇదే గదిలో, ఆ కిటికీ దగ్గర, వెలుగు రాకుండా మేము అంటించిన నల్లకాగితానికి ఒక మూల చిరుగుంది, అందులోంచి ఒక ఎండ ముక్క నేలమీదికి వచ్చేది, తను సరిగ్గా దానిమీద పాదం పెట్టుకుని కూర్చునేది, చలి మనిషి, వేసవిలో కూడా చలే. "నీ బిందె పక్కన కూర్చుంటే నా ఆలోచనలు గడ్డకడతాయే," అనేది. గడ్డకట్టలేదు ఎప్పుడూ.

ఒకరోజు క్యాంటీనులో సాసర్లో చక్కెర పోసింది. నాకు ఆ మధ్యాహ్నం వాసనతో సహా గుర్తుంది, కాఫీ వాసన, కడిగిన నేల వాసన, పక్కబల్ల మీద ఎవరో వదిలేసి వెళ్ళిన తడి గొడుగు. చక్కెరని వేలితో గుండ్రంగా సర్ది, "ఇవి బుద్ధిగా ఉన్న ఎలక్ట్రాన్లు, అన్ని దిక్కులకీ సమానంగా పోతున్నాయి అనుకో," అంది. తర్వాత రెండువైపులా లాగి కోడిగుడ్డు ఆకారం చేసింది. "ఇప్పుడు అలజడి. ఇది ఎంతసేపు బతుకుతుంది? ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి గుద్దుకుని మళ్ళీ గుండ్రంగా అయ్యేదాకా. సెకనులో లక్ష కోట్లవ వంతు. దీని ఆయుష్షు అంతే." అందరికీ తెలిసిందే కదా అన్నాను. "ఆగవే. ఒకే అంతస్తులో, అదీ ఇంత చల్లగా ఉన్నప్పుడు, వాటికి గుద్దుకునే దారులెన్ని? వీటికి మొహమాటం ఎక్కువ, ఖాళీ కుర్చీ కనిపిస్తే తప్ప కూర్చోవు. అన్ని దారులూ మూసుకుపోయి ఆఖరికి ఎదురెదురుగా వచ్చి గుద్దుకోవడం ఒక్కటే మిగులుతుంది." చిటికెన వేళ్ళు రెండూ సాసరుకి అటూ ఇటూ పెట్టింది. "అంటే ప్రతి గుద్దుడూ ఇటునుంచి ఒకదాన్ని, సరిగ్గా అటునుంచి ఒకదాన్ని తీస్తుంది. తీసి ఇంకో దిక్కున ఇటొకటి, అటొకటి పెడుతుంది. సరిసమానంగా. కోడిగుడ్డు అలా అరిగిపోతుంది. మరి నేను ఇలా లాగాననుకో," అని చక్కెరని మూడు మూలలు చేసింది, "ఇక్కడ మూల ఉంది, దీనికి ఎదురుగా మూల లేదు. ఇటొకటి అటొకటి తీసుకుంటూ పోతే రెండువైపుల మధ్య ఉన్న తేడా ఎలా పోతుంది?" నేను సాసరు మీదికి వంగాను. "పోదు," అంది, గొంతు దాదాపు గుసగుస, "పోవాలంటే వేరే ఏదో జరగాలి, అది చాలా నెమ్మది. రెండు కొసల సరివి చచ్చిపోతాయి. మూడు మూలల బేసివి బతికే ఉంటాయే. వందల రెట్లు ఎక్కువ బతుకుతాయి. చల్లబరిచేకొద్దీ ఇంకా, ఇంకా." ఆ 'ఇంకా' అన్నప్పుడు తన కళ్ళు. తర్వాత ఆ చక్కెరంతా నా కాఫీలో పోసి, "తాగు, విజ్ఞానం వృథా పోకూడదు," అంది. ఎంత తియ్యగా ఉందో. ఏదైనా కాస్త ఎక్కువ తియ్యగా ఉంటే ఇప్పటికీ నాకు సాసర్లో మూడు మూలలు కనిపిస్తాయి.

పంపు. లేదు, బాగానే ఉంది. ఇంకో చుక్క, తెల్లగీత మీదే. ఇంకా పైనే ఉన్నాం, వంగేచోటు ఇంకా రాలేదు. తను ఆ లెక్క సెమినారులో చెప్పినరోజు ముందు వరసలోంచి ఒక పెద్దాయన, "లెక్క ముచ్చటగా ఉందమ్మా, ఈ సంగతి ప్రకృతికి తెలుసా?" అన్నాడు. మిరియం తడుముకోకుండా, "కబురు పెట్టానండీ, ఇంకా జవాబు రాలేదు," అంది. హాలంతా నవ్వారు. ఆ జవాబు తేవాల్సింది నేను. అప్పట్లో నా దగ్గరున్న పలకల్లో మలినాలు ఎక్కువ, ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి గుద్దుకునేలోపే వెళ్ళి మురికిని గుద్దుకునేవి, ఎంత చల్లబరిచినా చుక్కలు తెల్లగీత మీద బుద్ధిగా పడేవి. దీన్నిబట్టి ఏమీ తేలదు అని నేను రాశాను. 'ఏమీ తేలదు' అన్నదాన్ని లోకం 'అలాంటిదేమీ లేదు' అని చదువుకుంది. తను రాసిన వ్యాసాన్ని సైన్సు పత్రికలవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తిప్పిపంపారు. అప్పటికి తను మా వదిన.

ఎలా అయిందంటే, అన్నయ్య లిఫ్టులు తనిఖీ చేసే ఇంజనీరు, ఈ భవనంలో లిఫ్టు చూడటానికొచ్చి నన్ను పలకరించడానికి ఈ గదికి వచ్చాడు. మిరియం తలెత్తకుండానే, "మీ లిఫ్టు తాడు తెగిపోతే లోపలివాళ్ళు ఎంతసేపు గాల్లో ఉంటారు?" అని అడిగింది. అన్నయ్య, "తెగదండీ. తెగినా పడదు, పట్టుకునే దవడలుంటాయి," అన్నాడు. "ఎప్పుడూ పట్టుకుంటాయా?" "ఎప్పుడూ పట్టుకునేలా చూడటమే నా ఉద్యోగం." అప్పుడు తలెత్తింది. ఆ తర్వాత మా భవనం లిఫ్టుకి ఉన్నట్టుండి చాలా తనిఖీలు అవసరమయ్యాయి. పెళ్ళయ్యాక నన్ను ఏడిపించడం ఇంకా ఎక్కువైంది. "ఆడపడుచు అంటే భయపెట్టాలి కదా, ఒక్కసారైనా భయపెట్టవే, నాకు ముచ్చట తీరలేదు," అనేది. అమ్మని అత్తయ్యా అని పిలిచి, అమ్మ చెప్పే చుట్టాల వరసలన్నీ తడబడకుండా అప్పజెప్పేది, అమ్మకి అదొక్కటే కావాలి. రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య ఆరోజు చూసిన లిఫ్టుల సంగతులు చెప్పేవాడు, తను ఎలక్ట్రాన్ల సంగతులు చెప్పేది, ఒకరిది పైకీ కిందికీ, ఒకరిది అటూ ఇటూ. మధ్యలో నేను తింటూ ఉండేదాన్ని. నా జీవితంలో అంత నిండుగా ఉన్న బల్ల మళ్ళీ లేదు.

ఆ తర్వాత ఏమైందని బయటివాళ్ళు అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు, ఇంకో మనిషి లేడు. తిరిగొచ్చిన ప్రతి కాగితంతో మిరియం కొంచెం తగ్గింది. చెయ్యెత్తడం మానేసింది. తర్వాత సెమినారుకి రావడం మానేసింది. ఇంట్లో గోడవైపు తిరిగి కూర్చుని లెక్క మొదటినుంచీ కట్టేది, తప్పు వెతికేది, దొరికేది కాదు, దొరక్కపోవడం తనని ఇంకా తినేసేది. అన్నయ్య చూడలేకపోయాడు. ఒకరోజు పక్కన కూర్చుని, నేనూ అక్కడే ఉన్నాను, చాలా మెత్తగా, నిజంగా చాలా మెత్తగా, "వదిలేయరాదూ. అంత బాధ దేనికి," అన్నాడు. తను అన్నయ్యని చూసిన చూపు నాకు తెలుసు. కోపం కాదది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనప్పుడు మనిషి మొహంలో కనిపించేది. కొన్నాళ్ళకి లెక్క వదిలేసింది. లెక్క వదిలేశాక అన్నయ్య మొహంలోకి చూడలేకపోయింది, చూసినప్పుడల్లా వదిలేసింది గుర్తొస్తుందట. అది నాతో ఒక్కసారే అంది. వాళ్ళ గొడవలు ఎదురెదురుగా వచ్చి గుద్దుకుని అక్కడికక్కడే చల్లారిపోయేవి, ఇద్దరూ మంచివాళ్ళు, గంటలో మళ్ళీ మామూలుగా టీ తాగేవాళ్ళు. చల్లారనిది మటుకు తనవైపే ఉండిపోయింది, దానికి ఎదురుగా అన్నయ్యవైపు ఏమీ లేదు. ఇక్కడ ఆగాలి నేను. ఇలా పోల్చితే మిరియం ఒప్పుకోదు. "ఎలక్ట్రానుని మనిషితో పోల్చకే," అనేది, "ఎలక్ట్రానుకి అత్తగారుండదు, అద్దె ఇల్లుండదు, నిన్న అన్నమాట ఇవాళ గుర్తుండదు. దాని బాధ వేరు."

వెళ్ళిపోయేముందు ఇక్కడికి వచ్చింది, గది తాళంచెవి ఇవ్వడానికి. ఎండ ముక్క మీద నిలబడలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది. ఏంటి అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా. తను కళ్ళు మూసుకుంది. "నీ గొంతు అచ్చం మీ అన్నయ్య గొంతే, తెలుసా. 'ఏంటి' అన్నప్పుడు మరీనూ. ఒక్క పని చేస్తావా? కొన్నాళ్ళు నాకు ఫోన్ చెయ్యకు. కొన్నాళ్ళే." సరే అన్నాను. ఆ 'సరే' కూడా అన్నయ్యలాగే అన్నానేమో, తలూపి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళు? కొలతలు కొలిచే మనిషిని నేను, ప్రపంచంలో అతి చిన్న ఆయుష్షుల్ని కొలిచి బతుకుతున్నాను, ఈ ఒక్కమాటకి నా దగ్గర కొలబద్ద లేదు. మొదట్లో వారాలనుకున్నాను. తర్వాత చలికాలం దాటనీ అనుకున్నాను. ఆ తర్వాత విడాకుల కాగితాలు, ఆ తర్వాత తను ఈ చదువే వదిలేసి ఇంకో ఊళ్ళో జీవిత బీమా కంపెనీలో చేరిందని తెలిసింది. మనుషులు ఎన్నాళ్ళు బతుకుతారో లెక్క కట్టే ఉద్యోగమట. అది విన్నరోజు నేను ఒక్కదాన్నే ఈ గదిలో పడీపడీ నవ్వాను, ఎందుకంటే ఆ జోకు పూర్తిగా అర్థమయ్యే మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు, ఆ మనిషికి ఫోన్ చెయ్యకూడదు.

అలా ఎన్ని పోగుపడ్డాయో. దారిలో ఏదైనా వింత కనిపిస్తే, ఎవరైనా సెమినారులో అడ్డంగా మాట్లాడితే, బిందె మొరాయిస్తే, అమ్మ ఏదైనా అంటే, లోపల ఒక చెయ్యి టక్కున లేస్తుంది, ఇది మిరియానికి చెప్పాలి. తర్వాత గుర్తొచ్చి ఆ చెయ్యి దిగుతుంది. ఇన్నేళ్ళయినా ఆ లేవడం ఆగలేదు, దిగడానికి పట్టే టైమే కాస్త తగ్గింది. ఒకసారి వీధిలో పొట్టిగా, వేగంగా, తల కొంచెం పక్కకి వంచి నడిచే మనిషి కనబడితే రెండు సందులు వెంట నడిచాను, పిలవడానికి కాదు, ఆ నడక వెనకాల కాసేపు నడవడానికి. ఇంట్లో తన పేరెత్తరు. అన్నయ్య ముందు నేను ఎత్తలేను, అన్నయ్య లేనప్పుడు అమ్మ ఎత్తనివ్వదు, "పోయినదాన్ని తవ్వకు," అంటుంది. అన్నయ్యకి భార్య పోతే మళ్ళీ భార్య వస్తుంది, వస్తోంది, రావాలి కూడా. నాకు పోయింది ఏమిటి? దానికి వరస లేదు. వదిన పోయిందంటే కాగితం మీద నిజమే, కానీ వదిన కంటే ముందున్నది, చక్కెర కలిపి కాఫీ ఇచ్చినది, దాని స్థానంలోకి ఎవర్ని తెస్తారు? ఎవరూ సంతకాలు పెట్టని దానికి విడాకులు ఎలా అవుతాయి? ఈ కొత్త పలక వచ్చినరోజు, దూరదేశంలో ఎవరో ఏళ్ళ తరబడి ఓపికగా పెంచిన శుభ్రమైన స్ఫటికం, పెట్టె విప్పి వెలుగులో పట్టుకుంటే అద్దంలా ఉంది. నేను మొదట చేసిన పని పక్కకి తిరిగి "చూడవే," అనడం. పక్కన కుర్చీ మీద నా సంచి ఉంది.

చుక్క.

తెర మీదికి వంగాను. అది తెల్లగీత మీద లేదు. మొహం తుడుచుకుని మళ్ళీ చూశాను, వెంట్రుకవాసి పక్కన ఉంది, వెంట్రుకవాసి ఏమైనా కావచ్చు, పంపు వణుకు కావచ్చు, పక్కగదిలో ఎవరో స్విచ్చి వేసి ఉండొచ్చు. తాబేలు తొందరపడదు. తర్వాతి చుక్క కోసం కూర్చున్నాను, కాళ్ళు చల్లబడ్డాయి, ఎక్కడో కారిడారులో తోపుడుబండి చక్రం కీచుమంటోంది, కొత్తబట్టల వాసన ముక్కుకి తగులుతోంది. పడింది. ఇంకా పక్కకి పడింది. ఇంకొకటి. నీలం గీత వంగిన చోటే, దానికి కాస్త కింద, అదే ఒంపుతో, ఎవరో చెయ్యి పట్టుకుని రాయించినట్టు చుక్కలు తెల్లగీతని వదిలి నడిచిపోతున్నాయి. ఆపాను. బిందెని కాస్త వేడెక్కించాను, చుక్కలు బుద్ధిగా వెనక్కి వచ్చి తెల్లగీత ఎక్కాయి. మళ్ళీ చల్లబరిచాను. మళ్ళీ వంగాయి, కరెంటు సగానికి తగ్గించినా వంగాయి. ఆ ఒక్క అంతస్తు ఇంట్లో, చీకట్లో, చలిలో, సరివన్నీ పుట్టీపుట్టగానే పోతుంటే బేసివి పోవడం లేదు, ఉన్నాయి, తను ఎంతసేపు ఉంటాయందో దాదాపు అంతసేపూ ఉన్నాయి. ఎన్నేళ్ళుగానో ఉన్నాయి, ఎవరూ నమ్మనప్పుడు కూడా, తను గోడవైపు తిరిగి తప్పు వెతుక్కుంటున్నప్పుడు కూడా. నేను ఏడుస్తున్నానని కోటు చేతి మీద తడి చూశాక తెలిసింది.

ఫోన్ చేతిలో ఉంది. నంబరు మారిపోయి ఉంటే? మారలేదు, మోగుతోంది. నా గొంతు వినగానే పెట్టేస్తే? ఏంటి అనకూడదు, సరే అనకూడదు, ఏమని మొదలుపెట్టాలి, ఎలా ఉన్నావు అంటే అది అన్నయ్య మాట. "హలో," అంది, ఆఫీసు గొంతు, వెనకాల ఎవరిదో ప్రింటరు. నా నోట్లోంచి ఒక్కమాటే వచ్చింది.

"వంగింది."

ప్రింటరు ఆగిపోయింది. ఎవరో ఏదో అడిగారు. నడుస్తున్న చప్పుడు, తలుపు వేసిన చప్పుడు. 

"ఎంత దగ్గర?" అంది.

"నువ్వు చెప్పినదానికి కాస్త కింద."

"కాస్త అంటే ఎంతే? కాస్త అనేది ఒక అంకెనా?" చెప్పాను. "నీ థర్మామీటరు చల్లగా ఉంటే సరిపోదు, ఎలక్ట్రాన్లు చల్లగా ఉండాలి. కరెంటు తగ్గించి చూశావా?"

"చూశాను. సగానికి తగ్గించినా అదే."

"వెనక్కి తీసుకెళ్ళావా?"

"పైకి తీసుకెళ్ళి మళ్ళీ దించాను. అక్కడే వంగింది."

"పలకలో మురికి?"

"ఇది అద్దం. నువ్వు చూడాలి దీన్ని."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. జలుబా అన్నాను. "ఆఁ, జలుబే," అంది. మళ్ళీ కాసేపు ఏమీ లేదు. ఆ ఏమీలేకపోవడం ఎంత బాగుందో, ఫోన్లో తను ఊపిరి తీసుకోవడం వినడం, మాట్లాడక్కర్లేకుండా ఉండటం. తర్వాత తనే, "ఇవాళ మీ ఇంట్లో పెళ్ళి కదా," అంది. ఎవరు చెప్పారన్నాను. "తనే చెప్పాడు. రెండు ముక్కల మెసేజ్. మర్యాదగా. మంచిదేనే, నిజంగానే మంచిది. నువ్వు వెళ్ళాలి కదా, సాక్షివి నువ్వే అయ్యుంటావు."

"వెళ్ళాలి."

"మరి?"

"హీలియం ఈ రాత్రికి మించి రాదు. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు. నేను వెళ్తే దీన్ని ఆపేసి వెళ్ళాలి."

నేను రమ్మనలేదు. ఎలా అంటాను? తను కూడా వస్తానని వెంటనే అనలేదు. కుర్చీ జరిగిన చప్పుడు, సంచి జిప్పు చప్పుడు, ఎవరికో, "నేను వెళ్తున్నాను, ఇవాళ ఇక రాను," అని చెప్పడం. ఆ తర్వాత నాతో, "చీకటి పడేసరికి వస్తాను. దాన్ని వేడెక్కనిచ్చావంటే చంపేస్తాను, తాబేలూ," అంది.

అన్నయ్యకి ఫోన్ చేశాను. అబద్ధం చెప్పొచ్చు, పంపు పాడైందనొచ్చు, అమ్మ నమ్ముతుంది, బిందె మీద అమ్మకి మొదట్నుంచీ నమ్మకం లేదు. రింగవుతుంటే నాలుగైదు అబద్ధాలు వరసకట్టి నిలబడ్డాయి, అన్నయ్య గొంతు వినగానే అన్నీ ఎటో పోయాయి.

"అన్నయ్యా, నేను రాలేను."

"ఏమైందే? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాను. మిరియం లెక్క నిజమైంది."

ఏ లెక్క అని అడగలేదు. వెనకాల పెద్దమ్మ ఎవరినో కుర్చీలు సర్దమంటోంది, కొత్తవదిన సన్నగా నవ్వింది, ఆ నవ్వులోంచి అన్నయ్య నడుచుకుంటూ బయటికి వచ్చినట్టున్నాడు, చప్పుళ్ళు దూరమయ్యాయి. "అంటే అప్పుడు తను అన్నదే..." అని ఆగాడు.

"అవును."

"నేను వదిలేయమన్నాను."

"నువ్వు తన బాధ చూడలేక అన్నావన్నయ్యా."

"అన్నాను కదా," అన్నాడు. గోడకి ఆనుకున్నాడేమో, బట్ట గీరుకున్న చప్పుడైంది. ఈ రోజున, ఈ గంటలో, ఈ మాట ఈ మనిషికి చెప్పాల్సి రావడం ఏమిటి, కానీ రేపు చెప్పినా ఇదే మాట, ఎల్లుండి చెప్పినా ఇదే. "తనకి చెప్పావా?" అన్నాడు.

"చెప్పాను. బయల్దేరింది. నేను ఇక్కణ్ణుంచి కదిలితే ఇది ఆగిపోతుంది."

కోప్పడతాడేమో అనుకున్నాను, కోప్పడే హక్కు ఉంది, ఒక్కగానొక్క చెల్లెలు, సాక్షి సంతకం. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "సంతకం సంగతి నేను చూసుకుంటాను. అమ్మకి కూడా నేనే చెప్తాను, నువ్వు కాసేపు ఫోన్ ఎత్తకు." ఇక పెట్టేస్తాడనుకున్నాను, పెట్టలేదు. లోపల్నుంచి ఎవరో పిలుస్తున్నారు, ఒక్క నిమిషం అన్నాడు వాళ్ళతో. నాతో, లిఫ్టు గదిలో యంత్రం గురించి అడిగే గొంతుతో అడిగాడు.

"తను వచ్చేదాకా చల్లగా ఉంటుందా?"

"ఉండొచ్చు. హీలియం తక్కువే ఉంది. పంపు తగ్గించి, చుక్కలు ఆ వంపులోనే ఉండేంత చల్లగా మాత్రం నిలబెడితే సరిపోవచ్చు."

"అయితే తగ్గించు," అన్నాడు, "నాతో మాట్లాడుతూ కూర్చున్నావేం."